క్లచ్ తొక్కకుండానే కదిలిన కారు

నేను ఆటో ఎలక్ట్రీషియన్‌ని. ఈ మాట చెప్పగానే చాలామంది నేను మూడు చక్రాల ఆటోలు బాగుచేసేవాడిననుకుంటారు. మా బంధువుల్లో కొందరు ముప్పై ఎనిమిదేళ్లుగా అట్లాగే అనుకుంటున్నారు. ఇక సరిదిద్దే ఓపిక నాకు లేదు. కారు, జీపు, ట్రాక్టరు, లారీ, ఏదైనా సరే, దాని వైర్లు, లైట్లు, స్టార్టరు, ఈ మధ్య వచ్చిన కంప్యూటర్లు నా పని. హిందూపురంలో పెనుకొండ రోడ్డు మీద నా షాపు ఉండేది. ఆకుపచ్చ వైరు నీలంగా కనిపించడం మొదలైన రోజు ఇక చాలనుకుని షట్టరు దించేశాను.

ఈ పనిలోకి వచ్చే పిల్లలు ఇప్పుడు నా ఇంటికి వచ్చి ఏ స్కానర్ కొనాలి, ఏ కోర్సు చేయాలి అని అడుగుతుంటారు. ఆ సంగతులు వాళ్లకే నాకంటే బాగా తెలుసు. ఊరికే పెద్దవాడిని అడిగినట్టు ఉంటుందని అడుగుతారు. నా దగ్గర చెప్పడానికి ఉన్నవి నేను చేసిన తప్పులు మాత్రమే. వాటిలో ఒకటి ఇక్కడ రాస్తున్నాను. మిగతావి రాస్తే పాత గిరాకీలు కొందరు ఇప్పుడైనా వచ్చి పట్టుకునే ప్రమాదం ఉంది.

మస్తాన్ సాబ్ దగ్గర

నాకు పని నేర్పింది మస్తాన్ సాబ్. మనిషి సన్నం, గొంతు పెద్దది. బస్టాండు దగ్గర చిన్న రేకుల షెడ్డులో కూర్చుని, లారీ ఆగిన శబ్దం విని బ్యాటరీ ఎంత బలహీనమైందో చెప్పేవాడు. సగం సార్లు తప్పు చెప్పేవాడు, కానీ అంత గట్టిగా చెప్పేసరికి డ్రైవర్లు నమ్మేవారు.

ఒక విషయంలో మాత్రం ఆయన ఎప్పుడూ పొరపాటు పడలేదు. వైరు రెండో కొస ఎక్కడికి పోతుందో చూడకుండా మొదటి కొస మీద కట్టర్ పెట్టనిచ్చేవాడు కాదు. నేను చేరిన కొత్తలో ఒక జీపులో హారన్ వైరనుకుని వేరే వైరు తెంపి అతికించాను. ఆ రోజంతా ఆ జీపు బ్రేకు తొక్కినప్పుడల్లా వైపర్లు తిరిగాయి. మస్తాన్ సాబ్ తిట్టలేదు. జీపు యజమానిని పిలిచి, "ఈ పిల్లోడు నీ బండికి కొత్త వసతి పెట్టినాడు, వానలో బ్రేకేస్తే అద్దం కూడా తుడుస్తాది" అన్నాడు. యజమాని నవ్వలేదు. నేనూ నవ్వలేదు. ఆ వైరింగ్ మొత్తం విప్పి మళ్లీ కట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ పాఠం వంటపట్టిందనే అనుకున్నాను. తల నెరిశాక తెలిసింది, సగమే పట్టిందని. వైరు ఎక్కడికి పోతుందో చూడటం నేర్చుకున్నాను. అది అక్కడికి ఎందుకు పోతుందో అడగడం నేర్చుకోలేదు.

ధర్మవరం నుంచి వచ్చిన బండి

షాపు మూసే రెండేళ్ల ముందు సంగతి. పెనుకొండలో ఓబులేసు అని గేర్‌బాక్సు మెకానిక్కు ఉన్నాడు, నాకు పాత స్నేహితుడు. ఎర్రమంచి దగ్గర పెద్ద కార్ల ఫ్యాక్టరీ వచ్చాక చుట్టుపక్కల అందరికీ కార్ల గురించి సర్వం తెలిసినట్టు మాట్లాడే అలవాటు వచ్చింది. ఓబులేసుకు ఆ అలవాటు ఫ్యాక్టరీ రాకముందు నుంచే ఉంది. కానీ పనిమంతుడు. ఇనుము వరకు అతని చేతికి వంక పెట్టలేము.

ఒకరోజు పొద్దున్నే ఫోన్ చేశాడు. "రామాంజీ, ఒక ఆటోమేటిక్ బండికి మామూలు గేర్లు పెట్టినా. గేర్లు వెన్న మాదిరి పడతాండాయి. ఒక్క వైర్ల పని ఉండాది, చిన్నదే" అన్నాడు. మెకానిక్కు నోట వైర్ల పని చిన్నదే అని వస్తే దానికి వారం పడుతుందని నా అనుభవం. తాడు కట్టి లాక్కొచ్చిన ఆ కారును చూసి పది రోజులనుకున్నాను.

బండి ధర్మవరం కేశవులుది. పట్టుచీరలు నేసే ఇల్లు, నేయించి అమ్మే వ్యాపారం. అది రెండు పెడళ్ల కారు. క్లచ్ ఉండదు, లీవరు ముందుకో వెనక్కో తోస్తే చాలు. కొన్నది కేశవులే అయినా దాన్ని అతను నడపలేకపోయాడు. ఇరవై ఏళ్లు గేర్ల బండి నడిపిన ఎడమకాలు ఊరికే ఉండదు కదా, లేని క్లచ్ కోసం వెతికి బ్రేకు తొక్కేది. ఇంట్లో వాళ్లంతా ఎగిరి ముందు సీట్ల మీద పడేవారు. రెండుసార్లు అట్లా జరిగాక వాళ్ల అమ్మ ఆ కారు ఎక్కనని చెప్పేసింది.

దాన్ని నేర్చుకుంది అతని భార్య రత్నమ్మ. అంతకు ముందు ఏ బండీ నడపలేదు కాబట్టి మరిచిపోవలసింది ఏమీ లేదు. మూడు నెలల్లో చీరల మూటలు వేసుకుని కదిరి, పుట్టపర్తి, అనంతపురం ఒక్కతే తిరగడం మొదలుపెట్టింది. అంగళ్ల వాళ్లు కేశవులుకు బదులు ఆమెకే ఫోన్ చేసేవారు. నాలుగేళ్లు బాగా సాగింది. తర్వాత బత్తలపల్లి దగ్గర గేర్‌బాక్సు పోయింది. కొత్తది వేయించడమంటే ఇంకో బండి కొన్నంత పని అని ఓబులేసు చెప్పి, అదే మోడలు యాక్సిడెంటు బండి నుంచి మామూలు గేర్‌బాక్సు, క్లచ్ పెడళ్ల సెట్టు తెచ్చాడు. కేశవులు వెంటనే ఒప్పుకున్నాడు. అతని ఎడమకాలికి మళ్లీ ఉద్యోగం దొరికింది. రత్నమ్మను ఎవరూ అడగలేదు.

బండికి పట్టిన మొండితనం

ఆటోమేటిక్ బండి నుంచి ఆ గేర్‌బాక్సు తీసేస్తే ఇనుము మాత్రమే పోదు. దాని మీద ఒక స్విచ్చు ఉంటుంది. లీవరు ఎక్కడుందో బండికి చెప్పేది అదే. బండి నిలిపి ఉందా, న్యూట్రల్‌లో ఉందా, రివర్సులో ఉందా అని. ఆ స్విచ్చు గేర్‌బాక్సుతో పాటే పాత ఇనుము గుజరీకి పోయింది. ఇక బండికి తాను ఏ స్థితిలో ఉన్నదో తెలియదు. తెలియనప్పుడు అది ఏ పనికీ ఒప్పుకోదు.

తాళంచెవి తిప్పితే స్టార్టరు తిరగదు. రివర్సు లైటు వెలగదు. స్పీడు చూపే ముల్లు సున్నా దగ్గరే పడుకుంది. ఎట్లాగో ఇంజన్ లేపితే నడుస్తుంది గానీ, బండి ఆపబోతే చటుక్కున ఆరిపోతుంది. పోయిన గేర్‌బాక్సు కంప్యూటరు కోసం ఇంజన్ కంప్యూటరు పిలిచి పిలిచి, జవాబు రాక డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం పెట్టుకుని కూర్చుంది. అన్నిటికీ మించి తాళంచెవి బయటికి రాదు. లీవరు పార్కింగులో ఉంటేనే చెవి వదిలేలా చేశారు. ఇప్పుడు పార్కింగే లేదు.

ఓబులేసు గేర్లు బిగించాక బండిని తోసి స్టార్టు చేసి ఒకసారి ధర్మవరం తీసుకుపోయారట. చెవి రాకపోయేసరికి కేశవులు భయపడి, బండి పక్కన కుర్చీ వేసి వాళ్ల అమ్మను కాపలా కూర్చోబెట్టాడు. ఎక్కనని ఒట్టు పెట్టుకున్న బండికి ఆమె రెండు రోజులు కాపలా కాసింది. ఆ కుర్చీ మాట కేశవులు ఎంతో గంభీరంగా చెప్పాడు కాబట్టి నేను పక్కకు తిరిగి దగ్గాను.

ఒక్కొక్కటే పట్టుకున్నాను. కొత్త గేర్‌బాక్సు మీద రివర్సుకు వేరే స్విచ్చు ఉంది, దానికి వైర్లు లాగాను. స్పీడు సెన్సారు ప్లగ్గు వేరు, మూడు వైర్లు వెతికి కలిపాను. గేర్ల మోడలు ఇంజన్ కంప్యూటరు, దానికి జత అయిన తాళంచెవితో సహా తెప్పించి పెట్టాను. పసుపు దీపం ఆరింది, బండి ఆపినా ఇంజన్ ఆరిపోవడం మానింది. తాళం దగ్గర చెవిని పట్టి ఉంచే బుడిపె తీసేశాను. తొమ్మిది రోజులైంది.

మిగిలింది స్టార్టరు ఒక్కటే. పెళ్లిళ్ల సీజను, చీరలు పంపాలి అని కేశవులు షాపులోనే కూర్చున్నాడు. పాత స్విచ్చుకు పోయే రెండు వైర్లు నా చేతిలో ఉన్నాయి. ఆ రెండూ కలిపితే బండి తాను ఎప్పుడూ న్యూట్రల్‌లోనే ఉన్నానని నమ్ముతుంది. కలిపాను, టేపు చుట్టాను, చెవి తిప్పాను. స్టార్టరు తిరిగింది. రెండు నిమిషాల పని. కేశవులు సంతోషంతో నా చేయి పట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు మాట చెప్పాలి. ఓబులేసు తెచ్చిన పెడళ్ల సెట్టులో క్లచ్ పెడలు పైన ఒక చిన్న స్విచ్చు ఉంది. క్లచ్ తొక్కితేనే స్టార్టరు తిరగాలని ఆ మోడలు బండికి కంపెనీ వాళ్లు పెట్టింది. దానికి ప్లగ్గు లేకుండా ఖాళీగా ఉంది. డ్యాష్‌బోర్డు కింద తలపెట్టి పడుకున్నప్పుడు అది నా కళ్ల ముందే ఉంది. దాన్ని చూశాను. వైర్లు లాగాలంటే ఇంకో మూడు గంటలు. మన పాత బండ్లలో ఇవన్నీ ఎక్కడున్నాయి, గేరు చూసుకుని స్టార్టు చేయడం డ్రైవరు పని కదా, అనుకున్నాను. కేశవులుకు మాత్రం న్యూట్రల్ చూసుకుని చెవి తిప్పమని చెప్పాను. అది తనకు తెలియని విషయమా అన్నట్టు చూశాడు. నిజమే, అతనికి తెలుసు. ఆ బండి నడపబోయే ఇంకో మనిషి గురించి మేమిద్దరం ఆలోచించలేదు.

ఓబులేసు ఫోను

రెండు వారాలకు ఓబులేసు ఫోన్ చేశాడు. నవ్వుతూనే మొదలుపెట్టాడు గానీ మధ్యలో నవ్వు తగ్గింది. ధర్మవరంలో కారు కేశవులు మీదికి దూకిందని, ఎడమకాలు ఎముక విరిగిందని, పుట్టపర్తిలో ఆసుపత్రికి తీసుకుపోయి కట్టు కట్టించారని చెప్పాడు.

జరిగింది ఇది. ఎండకు సీట్లు కాలిపోతుంటాయి కాబట్టి రత్నమ్మకు ఒక అలవాటు ఉంది. బండి ఎక్కకముందు బయటి నుంచే కిటికీలో చేయిపెట్టి చెవి తిప్పి, ఏసీ వేసి, ఆ తర్వాత చీరల మూటలు సర్దేది. ఆటోమేటిక్ బండిలో దానివల్ల ఏ ఇబ్బందీ లేదు, పార్కింగులో ఉన్న బండి కదలదు. నాలుగేళ్లు అట్లాగే చేసింది. ఆ రోజు కేశవులు బండిని ఇంటి ముందు వాలులో మొదటి గేరులో నిలిపి, హ్యాండ్‌బ్రేకు వేయకుండా దిగాడు. ముందు వైపు వంగి నంబరు ప్లేటు తుడుస్తున్నాడు. నడిపేది అతనే అయినా, రత్నమ్మ పాత అలవాటు కొద్దీ చేయిపెట్టి చెవి తిప్పింది. బండి ఎగిరి ముందుకు దూకి, అతని కాలిని అరుగు రాయికి నొక్కి ఆగిపోయింది.

"నువ్వేం మనసులో పెట్టుకోవద్దు. తప్పు ఆయమ్మదేనని ఇంట్లో అందరూ అంటాండారు. ఆయమ్మ కూడా అదే అంటాంది. నువ్వు గమ్మునుండు" అన్నాడు ఓబులేసు.

నా మంచి కోరే చెప్పాడు. నేను నాలుగు రోజులు గమ్మునే ఉన్నాను. ఆ నాలుగు రోజుల గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఎవరూ నన్ను అడగడానికి రాలేదు. అడిగినా, న్యూట్రల్ చూసుకోమని చెప్పాను కదా అనే జవాబు సిద్ధంగా పెట్టుకున్నాను. ఆ జవాబును రోజుకు పదిసార్లు నాకు నేనే చెప్పుకోవాల్సి వచ్చినప్పుడు అది జవాబు కాదని తెలిసింది. అయిదో రోజు పొద్దున టూల్ బ్యాగు తీసుకుని ధర్మవరం బస్సెక్కాను.

అరుగు మీద

కేశవులు మంచం మీద కాలు చాపుకుని ఉన్నాడు. నన్ను చూసి నవ్వి, ఆడవాళ్ల చేతికి బండి ఇస్తే ఇట్లాగే ఉంటుందని మొదలుపెట్టాడు. వాళ్ల అమ్మ దానికి వంత పాడింది. రత్నమ్మ మగ్గం గది గుమ్మంలో చీరలు మడతపెడుతోంది. తలెత్తలేదు. వారం నుంచి చీరల మూటలు చంకన పెట్టుకుని బస్సులో కదిరికి తిరుగుతోందట. కారు తాళంచెవి దేవుడి పటం వెనుక పెట్టి, ఇక ముట్టనని చెప్పిందట.

నేను కాఫీ కూడా తాగకుండా చెప్పేశాను. తాగితే మాట మారుతుందని భయం. "తప్పు రత్నమ్మది కాదు కేశవులూ, నాది. క్లచ్ తొక్కితేనే లేచేట్టు స్విచ్చు ఉండాది. నేను చూసినా. చూసి కూడా వదిలేసినా" అన్నాను.

రెండు వైర్ల సంగతి, టేపు సంగతి, మూడు గంటలు మిగుల్చుకున్న సంగతి అంతా చెప్పాను. కేశవులు ముఖం ఎర్రబడింది. గేరులో నిలిపింది తానే కదా అని అప్పుడు గుర్తొచ్చినట్టుంది, కాలి కట్టు వైపు చూసుకుంటూ ఉండిపోయాడు.

రత్నమ్మ చేతిలోని చీర పక్కన పెట్టి లేచి వచ్చింది. నన్ను క్షమించానని గానీ, పర్వాలేదని గానీ అనలేదు. "అన్నా, ఈ మాట ఈడ గాదు, బయట అరుగు మీద చెప్పు. నాకు చేతగాలేదని చెప్పినోళ్లంతా ఆడ ఉండారు" అంది.

వెళ్లి చెప్పాను. ఎదురింటి ముసలాయనకు ఒకసారి, చెవుడు కాబట్టి ఆయనకే ఇంకోసారి, పక్కింట్లో నూలు చుట్టే ఇద్దరు ఆడవాళ్లకు ఒకసారి, ఏమైంది ఏమైంది అని వచ్చిన వాళ్లకు మరో రెండుసార్లు. మూడోసారి చెప్పేసరికి నా తప్పు కొంచెం పెద్దదైంది, అయిదోసారికి నేను కావాలనే చేసినట్టు ఉంది. రత్నమ్మ గడప దగ్గర నిలబడి అంతా విన్నది. చివర అత్తగారి వైపు తిరిగి, "విన్నావా అత్తా" అని మాత్రం అడిగింది. ఆమె విన్నానని తలూపి, ఈసారి నాకు కాఫీ తెచ్చింది.

మధ్యాహ్నమంతా ఆ కారు కింద పడుకుని, కలిపిన రెండు వైర్లు విడదీసి క్లచ్ పెడలు స్విచ్చు దాకా లాగాను. మూడు గంటలు అనుకున్నది నాలుగైంది. అయ్యాక రత్నమ్మను పిలిచాను. ఆమె బండిని మొదటి గేరులో పెట్టించి, ముందు ఎవరూ లేకుండా చూసి, బయటి నుంచి కిటికీలో చేయిపెట్టి చెవి తిప్పింది. ఏమీ కాలేదు. మళ్లీ తిప్పింది. ఆరేడు సార్లు తిప్పింది. ఒక్కసారి కూడా స్టార్టరు కదల్లేదు. అప్పుడు లోపల కూర్చుని, ఎడమకాలితో క్లచ్ నేల దాకా తొక్కి తిప్పింది. ఇంజన్ లేచింది.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు

బండి మొండికేసినప్పుడు దాని నోరు మూయించడం సులభం. రెండు వైర్లు, ఒక జానెడు టేపు చాలు. గిరాకీ అదే అడుగుతాడు, మెకానిక్కు అదే అడుగుతాడు, మన నడుమునొప్పి కూడా అదే అడుగుతుంది. కానీ స్టార్టు కానివ్వని స్విచ్చు, చెవి వదలని తాళం, ఇవన్నీ ఎవరో ఒక మనిషి దెబ్బ తిన్నాక ఇంకో మనిషి కూర్చుని ఆలోచించి పెట్టినవి. ఒకటి తీసేస్తే దాని బదులు ఇంకోటి పెట్టాలి. పెట్టకపోతే మనం బండి బాగు చేయలేదు, దానికి అబద్ధం నేర్పాము.

ఇంకో మాట. బండి తెచ్చిన మనిషిని మాత్రమే అడిగి పని చేయవద్దు. దాన్ని రోజూ ఎవరు నడుపుతారో, ఎట్లా అలవాటు పడ్డారో కనుక్కోండి. పని చేసిన తొమ్మిది రోజుల్లో నేను రత్నమ్మను ఒక్కసారి కూడా చూడలేదు. చూసి ఉంటే బయటి నుంచి చెవి తిప్పే సంగతి ఆమే చెప్పేది. తప్పు చేస్తే వెళ్లి చెప్పండి. నాలాగా నాలుగు రోజులు ఆగవద్దు, దానివల్ల తప్పు తగ్గదు, బస్సు ఎక్కేటప్పుడు కాళ్లు బరువెక్కుతాయి, అంతే.

కదిరి దారి

కేశవులు కట్టు ఇంకా విప్పకముందే రత్నమ్మ మామూలు గేర్లు నేర్చుకుంది. ఎవరు నేర్పారని అడిగితే ఎవరూ లేరంది. రోజూ పొద్దున రైలు పట్టాల అవతల ఖాళీ స్థలంలో ఒక్కతే తిప్పిందట, ఇంజన్ ఎన్నిసార్లు ఆగిందో లెక్కపెట్టలేదట. బండి ఇంకా ఎక్కడైనా ఆరిపోతుందేమో చూద్దామని ఒకసారి నేను వాళ్లతో కదిరి దాకా వెళ్లాను. ముందు సీట్లో నేను. వెనక సీట్లో కట్టు కాలు చాపుకుని కేశవులు, అతని పక్కన చీరల మూటలు, మూటల పక్కన వాళ్ల అమ్మ. ఆమె ఎట్లా ఎక్కిందో నేను అడగలేదు.

ధర్మవరం దాటిన దగ్గర నుంచి కేశవులు వెనక నుంచి బండి నడుపుతూనే ఉన్నాడు. ఇప్పుడు క్లచ్, ఇప్పుడు బ్రేకు, ముందర గుంత అని. రత్నమ్మ చూపు రోడ్డు మీదే ఉంది. నేను స్పీడు ముల్లు చూస్తూ కూర్చున్నాను, అది బుద్ధిగా లేస్తూ దిగుతూ ఉంది. ముదిగుబ్బలో ఒక ట్రాక్టరు అడ్డం వస్తే ఆమె బండి నిదానం చేసి, దారి దొరకగానే మళ్లీ అందుకుంది.

"ఇంగ సెకండ్ గేరెయ్" అన్నాడు కేశవులు.

ఆమె అప్పటికే మూడో గేరులో ఉంది.